సంతకానికో పెన్ను



మన ఇళ్ళల్లో ఒక పిలుపు తరచుగా వినబడుతూ ఉంటుంది. వంటింట్లో పోపు వేగుతూ ఉంటుంది, లేదా పాలు పొంగడానికి సిద్ధంగా ఉంటాయి. సరిగ్గా అప్పుడే ముందు గదిలోనుంచి కేక – "ఏమోయ్, ఇలా ఓసారి వచ్చి సంతకం పెట్టి వెళ్ళు!" కొంగుకు చేతులు తుడుచుకుంటూ వెళతాం. కాగితాలు మడిచి, సంతకం చేయవలసిన చోటు మాత్రం కనబడేట్టు పెట్టి ఉంటారు. వేలితో చూపిస్తారు. ఎవరో ఒక పెన్ను చేతిలో పెడతారు. అది ఒక పట్టాన రాయదు. రెండుసార్లు విదిలించి, పక్కన నాలుగు సున్నాలు చుట్టి, ఎలాగో మన పేరు గిలికి మళ్ళీ వంటింట్లోకి పరుగు. పోపు మాడిందా లేదా అన్నదే మన దిగులు కాని, దేని మీద సంతకం పెట్టామన్నది కాదు.

ఇవాళ నేను ముచ్చటించబోయేది ఆ పెన్ను గురించే. వంద రూపాయలలోపు దొరికే ఇంకు పెన్నుకు ఇంత ఉపోద్ఘాతమా అనుకోకండి. నగలకు ఒక భరిణె, మందులకు ఒక అర, చివరకు కొత్తిమీరకు కూడా ఒక డబ్బా కేటాయించుకున్న మనం మన పేరు రాసుకోవటానికి మాత్రం ఒక పెన్ను పెట్టుకోం. పిల్లవాడి సంచీలోదో, పాల లెక్క రాసే క్యాలెండరుకు వేలాడేదో, కౌంటరు దగ్గర దారంతో కట్టేసి ఉన్నదో, ఏదో ఒకటి. నేనూ మొన్న మొన్నటిదాకా అంతే. నాకు బుద్ధి వచ్చింది బుడమేరు వల్ల.

2024 సెప్టెంబరు మొదటి తారీఖున బుడమేరు సింగ్‌నగర్ వైపు ఇళ్ళను ముంచేసిన సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఇటు కృష్ణ చూస్తే ప్రకాశం బరాజి దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి పోతున్నది. భవానీపురంలో మేముండే వీధి కాస్త మెరక కాబట్టి బతికిపోయాం. మా ఆడపడుచు వాళ్ళది సింగ్‌నగర్‌లో కింది వాటా. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే బీరువా కింది అర నిండా బురద. కాగితాల సంచీ మా ఇంటికి తెచ్చుకుని, మంచం మీద పాతచీర పరిచి, అప్పడాలు ఆరబెట్టినట్టు ఒక్కొక్క కాగితమే విడదీసి ఫాను కింద ఆరబెట్టాం.

ఇంటి దస్తావేజు తడిసినందుకు ఆవిడ పెద్దగా బెంబేలు పడలేదు. రిజిస్టరు అయిన దస్తావేజుకు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో నకలు దొరుకుతుంది. పిల్లల సర్టిఫికెట్లకూ ఏదో ఒక దారి ఉంటుంది. ఆమె కూలబడిపోయింది ఒక ప్రామిసరీ నోటు చూసి. పదేళ్ళపాటు జాకెట్లు కుట్టి కూడబెట్టిన రెండు లక్షలు తెలిసినవాళ్ళకు వడ్డీకి ఇచ్చుకుంది. నోటు మీద అచ్చు అక్షరాలు అలాగే ఉన్నాయి. బాల్‌పెన్నుతో పూర్తి చేసిన పేర్లు, అంకెలు కూడా ఉన్నాయి. రెవెన్యూ స్టాంపు ఊడిపోయి మరో కాగితానికి అంటుకున్నది. దాని మీద అడ్డంగా పెట్టిన సంతకం మాత్రం లేదు. దాని స్థానంలో నీలిమందు చల్లినట్టు ఒక మరక. ఆ పెద్దమనిషి జేబులోనుంచి ఇంకు పెన్ను తీసి ఎంతో దర్జాగా చేసిన సంతకమట అది!

"వదినా, నోటుకు నకలుండదు గదా" అని ఆమె అన్న మాట నా చెవిలో ఇంకా ఉన్నది. ఆయన మంచివాడు కాబట్టి కబురు పెట్టగానే వచ్చి నోటు తిరగరాసి ఇచ్చాడు. ఎలాగూ నోటుకు మూడేళ్ళ గడువు కాబట్టి ఎప్పటికైనా తిరగరాయవలసిందే అని నవ్వాడు కూడా. అందరూ అలా నవ్వరు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతకానికి ఇంకు పెన్నే శ్రేష్ఠమని చిన్నప్పటినుంచీ వింటున్నాం. బాల్‌పెన్ను వచ్చిన కొత్తలో ఆఫీసుల్లో దానితో సంతకం చేస్తే ఒప్పుకునేవారు కాదని మా మామగారు చెబుతూ ఉండేవారు. మరి ఇప్పుడు చూస్తే బాల్‌పెన్ను నిలిచింది, ఇంకు పెన్ను కరిగింది. ఇదేమిటో తేల్చుకోవాలని మర్నాడు ఇంట్లో ఉన్న పెన్నులన్నీ పోగుచేశాను. ఒక్కొక్క దానితో ఒక్కొక్క చీటీ మీద నా పేరు రాసి, ఒక రోజు ఆరనిచ్చి, గ్లాసుల్లో నీళ్ళు పోసి వాటిలో వేశాను. మావారు చూసి "ఇదేం నోము?" అన్నారు. మీరూ చేసి చూడండి, ఖర్చు లేని పని.

పిల్లలు వాడే నీలం సిరా, అదే, సీసా మీద వాషబుల్ అని రాసి ఉండేది, నీళ్ళు తగలగానే నూలుపోగుల్లా కాగితం వదిలి కిందికి దిగిపోయింది. కాసేపటికి పాళీ గీరిన గీత తప్ప ఏమీ మిగల్లేదు. బాల్‌పెన్ను రాతను నీళ్ళు ఏమీ చేయలేదు. అయితే సంతోషపడకండి. దాని మీద మా అమ్మాయి గోళ్ళరంగు చెరిపే మందు దూదితో అద్దితే జిడ్డుగా కరిగి పాకింది. అది నూనెలాంటి సిరా, స్పిరిటు జాతి మందులకు లొంగుతుంది. చెక్కుల మీద అంకెలు కడిగి మార్చే మోసగాళ్ళకు ఈ సంగతి మనకంటే ముందే తెలుసు. జెల్‌పెన్నులలో నల్లది నిలిచింది, నీలం ఒకటి కొంచెం పాకింది. ఇక చివరి గ్లాసు. మా మామగారి అలమరలో అడుగున ఉండిపోయిన పాత బ్లూబ్లాక్ సిరాతో రాసిన చీటీ. దానిలో నీలం పోయింది, నలుపు నిలిచింది. మర్నాడు తీసి చూసినా నా పేరు బూడిదరంగులో నిక్షేపంలా ఉన్నది.

అంటే తప్పు పెన్నుది కాదు, సిరాది. పెన్ను ఒక గిన్నె లాంటిది. అందులో మనం ఏం పోశామన్నదే లెక్క.

ఆ పాతకాలపు బ్లూబ్లాక్ రహస్యం మన వంటింట్లోనే ఉన్నది. పచ్చి అరటికాయ గాని, అరటిపువ్వు గాని ఇనప కత్తిపీట మీద తరిగితే ఏమవుతుంది? కత్తి నల్లబడుతుంది, మన వేళ్ళు నల్లబడతాయి. కాయలో ఉన్న వగరుకూ ఇనుముకూ పడే లంకె అది. సబ్బుతో ఎంత తోమినా తొందరగా పోదు. పూర్వం సిరా చేసుకునేవారు ఈ లంకెనే వాడుకున్నారు. వగరుకు కరక్కాయ, ఇనుముకు అన్నభేది. యూరపు దేశాల్లో కరక్కాయకు బదులు ఓక్ చెట్లమీద కాసే మాచికాయల్లాంటి బుడిపెలు వాడేవారు. ఈ సిరా సీసాలో ఉన్నప్పుడు పలచగా, రంగు తక్కువగా ఉంటుంది. కాగితం మీద గాలి తగిలాకనే నల్లబడుతుంది. రాసేటప్పుడు కంటికి ఆనాలని నీలం కలుపుతారు. అందుకే బ్లూబ్లాక్ అని పేరు. నీళ్ళలో పోయింది పైపై నీలమే, కాగితం నారలో పట్టుకున్న నలుపు పోలేదు.

మచిలీపట్నం దగ్గర మన పెడన వెళ్ళినవారు ఇదే విద్యను గుడ్డ మీద చూసి ఉంటారు. కలంకారీ వారు ముందు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. ఇనప ముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరవేసిన నీళ్ళను అచ్చుతో అద్దుతారు. అద్దిన చోటల్లా నల్లటి గీత తేలి వస్తుంది. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ నలుపు నిలుస్తుంది. మీరు కట్టుకున్న కలంకారీ చీర మీది నల్లగీతా, తాతల నాటి దస్తావేజు మీది సంతకమూ ఒక తల్లి బిడ్డలే నన్నమాట. ఇంగ్లండులో 2021 దాకా పెళ్ళి రిజిస్టర్లలో ఈ జాతి సిరాతోనే సంతకాలు చేయించేవారు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇప్పుడు బజారులో బ్లూబ్లాక్ అని పేరున్న ప్రతిదీ అన్నభేది సిరా కాదు. ఒట్టి రంగు కలిపినవీ ఉన్నాయి. కాబట్టి సీసా మీద పర్మనెంట్ అని ఉన్నదేమో చూసుకుని కొనండి. కొన్నాక నా గ్లాసు పరీక్ష చేయండి. నిజం అన్నభేది సిరా అయితే దానిలో పులుసు గుణం ఉంటుంది. పెన్నులో నెలల తరబడి వదిలేస్తే పాళీని తినేస్తుంది. చీర మీద పడితే సబ్బు వల్ల కాదు, నిమ్మరసం, ఉప్పు వేసి ఎండలో పెట్టాలి. ఇనప తుప్పు మరకకు చేసే వైద్యమే. పట్టుచీర అయితే మాత్రం చాకలిని అడిగి గాని చేయకండి, తరవాత నన్ను అనవద్దు.

సిరా సంగతి అయింది. ఇక పెన్ను. ఖరీదైన పెన్ను కొనమని నేను చెప్పను. ఖరీదంతా చాలా భాగం ఒంటికీ, మెరుగుకీ, పేరుకీ పోతుంది. సంతకం చేసేది పాళీ. మామూలు ఉక్కు పాళీ చాలు. పాళీ బంగారమైనంత మాత్రాన సంతకం విలువ పెరగదు. మేం బడిలో వాడిన క్యామ్లిన్ పెన్నులు, చైనా వారి హీరో పెన్నులు ఎవరి ఆస్తీ కరిగించలేదు. పదో తరగతి పరీక్షలన్నీ నేను హీరో పెన్నుతోనే రాశాను. ఆ పెన్ను ఇప్పుడెక్కడున్నదో తెలియదు గాని మూడో వేలికి అది కాయించిన కాయ ఇంకా ఉన్నది.

దుకాణంలో ఊరికే గీతలు గీసి చూసుకోకండి. సిరాలో ముంచి ఇమ్మని అడిగి, మీ పేరు మీరు ఎలా సంతకం చేస్తారో అలాగే నాలుగుసార్లు చేయండి. మన తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలు గదా, ప్రతి మలుపులోనూ పాళీ పట్టుకోకుండా తిరగాలి. గీరుకుంటుంటే వెలుతురుకు పెట్టి చూడండి. పాళీ రెండు కొసలూ సమంగా ఉండాలి. ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉంటే పక్కన పెట్టి ఇంకొకటి అడగండి. దుకాణదారు విసుక్కుంటాడు. వంకాయలు ఏరుకునేటప్పుడు విసుక్కోలేదా?

ఫిల్లరుతో సిరా పోసుకునే పెన్నులలో ఒక చిక్కున్నది, దానికి కారణం తెలిస్తే చిక్కు లేదు. సిరా అడుగంటినప్పుడు పెన్నులో గాలి ఎక్కువ ఉంటుంది. మన చేతి వేడికి, అందులోనూ బెజవాడ ఎండలకు, ఆ గాలి ఉబ్బి సిరాను బయటకు తోస్తుంది. కాగితం మీద బొట్టు పడేది అందుకే. సగానికి తగ్గకుండా నింపుకుంటూ ఉండండి. సంచీలో పెన్నును పాళీ పైకి ఉండేట్టు నిలబెట్టండి. నెలకొకసారి కుళాయి నీళ్ళలో రాత్రంతా నానబెట్టి కడగండి, వేడినీళ్ళు వద్దు. రెండు రకాల సిరాలు కలపకండి. అంతకుమించి దానికి సేవ అక్కరలేదు.

పెన్నుల మాట వచ్చింది కాబట్టి మన రాజమండ్రిని తలుచుకోకుండా ఉండలేను. స్వదేశీ ఉద్యమం రోజుల్లో బజారులో ఉన్న మంచి పెన్నులన్నీ విదేశాలవే. విదేశీ పెన్నుతో స్వదేశీ ఉత్తరాలు రాయవలసి వచ్చేది. రాజమండ్రిలో కె. వి. రత్నంగారు 1932లో పెన్నుల తయారీకి పూనుకుని, ఎబొనైటు కడ్డీలు చిత్రికపట్టి చేతితో పెన్ను చేశారు. దానిని గ్రామ పరిశ్రమల సంఘం కుమారప్పగారి ద్వారా గాంధీగారికి పంపారు. 1935 జులై 16న వార్ధానుంచి గాంధీగారు జవాబు రాశారు. ఆ పెన్ను వాడి చూశానని, బజారులో దొరికే విదేశీ పెన్నులకు బదులు పనికి వచ్చేదేనని మెచ్చుకున్నారు. బెంగాలులో సులేఖా సిరా మొదలయినదీ ఆ దరిదాపుల్లోనే, 1934లో. పెన్నూ మనదే, సిరా మనదే అని చెప్పుకోగలగటం ఆనాటివారికి ఎంత ధీమాగా ఉండేదో ఊహించుకోండి. రాజమండ్రిలో రత్నం పెన్నులు ఇప్పటికీ తయారవుతూనే ఉన్నాయి. వాటిలో బంగారు పాళీలవి మన చేతికి అందవు గాని, ఉక్కు పాళీలవి తక్కువలో వస్తాయి.

మా తాతగారు, అంటే మా అమ్మ నాన్నగారు, 1967 గోదావరి పుష్కరాలకు వెళ్ళినప్పుడు రాజమండ్రిలో ఒక నల్లటి ఎబొనైటు పెన్ను కొనుక్కున్నారు. గుడివాడ దగ్గర పల్లెటూళ్ళో బడిపంతులు ఆయన. జీతం డబ్బు కూడబెట్టి రెండెకరాల మాగాణి కొన్నప్పుడు ఆ దస్తావేజు మీద చేవ్రాలు చేసింది ఆ పెన్నుతోనే. 1993లో ఆయన వీలునామా ఏదీ రాయకుండానే పోయారు.

పెద్ద దినం అయిన మర్నాడు మా మేనమామలు మా అమ్మ దగ్గరకు స్టాంపు కాగితాలు తెచ్చారు. అమ్మ కడుపు నిండా తిని నాలుగు రోజులయింది. "అమ్మాయ్, పొలం మా పేరు మార్పించుకోవటానికి, ఊరికే ఒక సంతకం" అన్నారు. పెన్ను కోసం వెతికితే నాన్న పెన్నే కనబడింది. దానితోనే పెట్టించారు. తరవాత రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకువెళ్ళి అక్కడా పెట్టించారు. ఇంటికి వచ్చాక పెద్దమామయ్య ఆ పెన్ను అమ్మ చేతిలో పెట్టి "నాన్న గుర్తుగా నువ్వే ఉంచుకో" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. అవి దొంగ కన్నీళ్ళని నేను ఇప్పటికీ అనుకోను. ఆడపిల్లకు పొలమేమిటని ఆయన మనసులో నిజంగానే ఉన్నది.

అది హక్కు వదులుకుంటూ రాసిన దస్తావేజు అని అమ్మకు చాలా ఏళ్ళ తరవాత గాని తెలియలేదు. తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉన్నదని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. పిత్రార్జితంలోనూ కూతుళ్ళకు హక్కు ఇస్తూ మన రాష్ట్రం 1986లో చట్టం చేసింది, అది 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్ళి కాని ఆడపిల్లలకు వర్తించింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. చట్టాలు వచ్చాయి గాని, మన కొంగు తుడుచుకునే పద్ధతి మారలేదు.

మీకు కోపం రాలేదా అని అమ్మను అడిగాను. "అడిగితే ఇచ్చేసేదాన్నేమోనే. తోడబుట్టినవాళ్ళు గదా. అడగలేదు, చోటు చూపించారు" అన్నది. ఇష్టపడి అన్నదమ్ములకు వదిలిపెట్టే ఆడపడుచులు ఉన్నారు, వారిని నేను తప్పుపట్టను. అది ఇచ్చినట్టు. ఇది పోయినట్టు.

అందుకే నేను పెన్ను పెట్టుకోమంటున్నది. ఇంకు పెన్నుతో సంతకం చేయటానికి వ్యవధి పడుతుంది. దానిని తెచ్చుకోవాలి, మర తిప్పి మూత తీయాలి, నిలబడి, మోకాలి మీద కాగితం పెట్టుకుని చేయటానికి కుదరదు, బల్ల దగ్గర కూర్చోవాలి. సంతకం చేశాక ఆరేదాకా కాగితం మడవకూడదు. ఇన్నాళ్ళూ ఇంకు పెన్నుకు ఇదంతా లోపమని చెప్పుకున్నాం. నాకైతే దాని గుణమంతా ఇందులోనే ఉన్నదనిపిస్తున్నది. "సంతకం పెట్టు" అని ఎవరైనా అనగానే "ఉండండి, నా పెన్ను తెచ్చుకుంటాను" అనండి. ఎవరికీ కోపం రాదు. చదవకుండా పెట్టనంటే మొగవారికి కోపం వస్తుంది గాని, పెన్ను తెచ్చుకుంటానంటే ఏమంటారు? వచ్చి కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, మూత తీసేలోపల మొదటి పేజీ చదవవచ్చు. 

నిరుడు మావారు స్నేహితుడి అప్పు కాగితాలు తెచ్చి నన్ను సాక్షి సంతకం చేయమన్నారు. పెన్ను తెచ్చుకుని కూర్చున్నాను. మూడో పేజీలో చూస్తే అది సాక్షి సంతకం కాదు, జామీను. అప్పు తీసుకున్నవాడు ఎంత బాధ్యుడో జామీను ఉన్నవాడూ అంతే బాధ్యుడు. ఆయన ఎగ్గొడితే మనం కట్టాలి. "ఇది మీరు చదివారా?" అన్నాను. మావారు కాగితం తీసుకుని చదివారు. ఆయనా అప్పుడే చదివారు! ఆ సాయంత్రం మా ఇంట్లో కాఫీలు కొంచెం ఆలస్యమయ్యాయి, అంతకు మించి యుద్ధమేమీ జరగలేదు.

ఇంకొక మాట, సంతకాన్ని గురించి. పెళ్ళి కాగానే మనకు ఇంటిపేరు మారుతుంది, పొట్టి సంతకంలో ముందున్న అక్షరం మారుతుంది. బ్యాంకులో ఒక అక్షరం, రేషను కార్డులో ఒక అక్షరం, పుట్టింటి కాగితాల్లో ఇంకొకటి. ఆఖరికి నా సంతకం నాకే సరిపోలటం లేదు. పెళ్ళయితే ఇంటిపేరు మార్చుకుని తీరాలని ఏ చట్టమూ లేదు. ఏదో ఒకటి నిశ్చయించుకుని, తెలుగులోనైనా సరే ఇంగ్లీషులోనైనా సరే, అన్నిచోట్లా దానినే వాడండి. తెలుగులో చేస్తే చిన్నతనమేమీ కాదు. ఒకే పెన్నుతో చేయటం అలవాటయితే చేతికీ ఒక దారి పడుతుంది, సంతకం కుదురుకుంటుంది.

చెక్కు రాసేటప్పుడు మాత్రం ఎదుటివారి పెన్ను చచ్చినా పుచ్చుకోకండి. వేడి తగిలితే మాయమయ్యే సిరా పెన్నులు బజారులో ఉన్నాయి. పిల్లలు తప్పులు చెరుపుకోవటానికి చేసినవి. 60 డిగ్రీల వేడి దాటితే రాత కనబడకుండా పోతుంది. అప్పు ఇప్పిస్తామని ఇంటికి వచ్చే మాయగాళ్ళు మర్యాదగా తమ పెన్ను ఇచ్చి చెక్కు పూర్తి చేయిస్తారు. సంతకం మీ పెన్నుతో చేయమంటారు. వెళ్ళాక మొత్తమూ పేరూ చెరిపేసి తమకు కావలసింది రాసుకుంటారు. చెక్కు మీద కొట్టివేతలు, దిద్దుబాట్లు 2010 డిసెంబరు నుంచి చెల్లవు గదా అని ధైర్యపడితే, ఇక్కడ కొట్టివేత ఉండదు, శుభ్రంగా తెల్ల కాగితమే! అన్నట్టు 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు చెక్కుల మీద నల్లసిరా నిషేధించిందని ఒక కబురు ఫోనుల్లో చక్కర్లు కొట్టింది. అది ఒట్టి అబద్ధమని ప్రభుత్వమే ప్రకటించింది. చెరిగిపోనిదీ, ముదురుగా కనబడేదీ అయితే చాలు.

గాజు కిటికీ అవతలనుంచి నాకు టైము అయిందని సైగ చేస్తున్నారు. మా అమ్మ సంగతి ఒకటి చెప్పి ఆపుతాను.

లాకర్లు ఉన్నవాళ్ళంతా కొత్త ఒప్పందాలు రాసి ఇవ్వాలని 2023లో బ్యాంకులు పిలిచాయి, గుర్తున్నదా? డిసెంబరు చివరికి గడువు. అమ్మకు చిన్న లాకరు ఒకటి ఉన్నది, అందులో ఉన్నవి రెండు జతల గాజులే. నేను తోడు వెళ్ళాను. పెద్ద వరస. కౌంటరులో కుర్రవాడు స్టాంపు కాగితాలు తిప్పి "మామ్మగారూ, ఇక్కడ, ఇక్కడ" అని రెండు చోట్ల వేలు పెట్టి, తన పెన్ను ముందుకు తోశాడు. అమ్మ ఆ పెన్నును మెల్లగా వెనక్కి జరిపింది. సంచీలోనుంచి కళ్ళజోడు తీసింది. తాతగారి నల్లపెన్ను తీసింది, మూత విప్పకుండా పక్కన పెట్టుకున్నది. మొదటి పేజీనుంచి మొదలుపెట్టింది. వెనకనున్నవాళ్ళు గొణుగుతున్నారు, నాకే సిగ్గు వేసి "అమ్మా" అన్నాను. తల ఎత్తలేదు. మధ్యలో ఒకచోట ఆగి "బాబూ, అద్దె ఎప్పటికప్పుడు కట్టకపోతే ఏమవుతుందని రాశారిక్కడ?" అని అడిగింది. అతను వంగి, చదివి, చెప్పాడు. ఆఖరి పేజీదాకా అయ్యాక మూత తిప్పి, రెండు చోట్లా పూర్తి పేరు తెలుగులో రాసింది. కాగితం తీసుకోబోతున్న అతని చేతిని ఆపి, సంతకాల మీద మెల్లగా ఊదింది. ఒకసారి వేలి కొసతో అంటుకుని చూసుకున్నది.

"ఇప్పుడు తీసుకో నాయనా" అన్నది.